బారోగ్రాఫ్ గీతలోని మెలిక: వాతాగ్రాలు, పీడన మార్పులు, వాటి వెనుక లెక్కలు

నెమ్మదిగా తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితం మీద బారోగ్రాఫ్ కలం వారం రోజుల వాయుపీడనాన్ని ఒకే గీతగా గీస్తుంది. సమశీతోష్ణ మండల చక్రవాతం ఒకటి దాటిపోయిన రోజు గీతను చూస్తే, మొదట పది పన్నెండు గంటల పాటు ఏటవాలుగా దిగడం, తర్వాత కొన్ని గంటలు దాదాపు సమంగా సాగడం, మళ్లీ కొద్దిగా జారి, ఒక్కసారిగా టిక్కు గుర్తులా పైకి లేవడం కనిపిస్తాయి. వాతాగ్రం అంటే చల్లగాలికీ వెచ్చగాలికీ మధ్య సరిహద్దు; వెచ్చగాలి ముందుకొస్తుంటే అది ఉష్ణ వాతాగ్రం, చల్లగాలి ముందుకొస్తుంటే శీతల వాతాగ్రం. దిగుడు ఉష్ణ వాతాగ్రం దగ్గరవుతున్న కాలానిది. సమంగా సాగిన భాగం రెండు వాతాగ్రాల నడుమ వెచ్చని గాలి నిలిచిన కాలానిది. టిక్కు గుర్తు శీతల వాతాగ్రం దాటిన క్షణానిది. పాఠ్యపుస్తకాలన్నీ ఇంతవరకు చెబుతాయి. ఆ గీతను సమీకరణాలతో, కంప్యూటర్‌తో తిరిగి గీయాలని పూనుకున్నప్పుడే అది ఎంత చిక్కు పనో తెలుస్తుంది.

చిక్కు ఎక్కడుందో అర్థం కావాలంటే, ఉపరితల పీడనం అంటే ఏమిటో గుర్తుచేసుకోవాలి. అది నేల మీద ఉన్న గాలి స్తంభం బరువు తప్ప మరొకటి కాదు. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు మీటరు మీదా పది టన్నులకు పైగా గాలి నిలిచి ఉంటుంది. అందులో సుమారు 10 కిలోలు తగ్గితే పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గినట్టు. మూడు గంటల్లో పీడనం 5 హెక్టోపాస్కల్‌లు పెరిగిందంటే, ఆ వ్యవధిలో ప్రతి చదరపు మీటరు మీదకూ 50 కిలోల గాలి అదనంగా వచ్చి చేరిందన్నమాట. స్తంభంలోకి కొన్ని ఎత్తుల్లో గాలి వచ్చి చేరుతుంటుంది, మరికొన్ని ఎత్తుల్లో బయటికి పోతుంటుంది. బారోమీటరు చూపేది ఆ జమాఖర్చులో చివరికి తేలిన నిల్వను మాత్రమే. జమ ఎంతో, ఖర్చు ఎంతో అది విడిగా చెప్పదు. వాతాగ్రాల మోడలింగ్‌లో ఎదురయ్యే ఇబ్బందుల్లో సగానికి పైగా ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి.

వాతాగ్రం అనే భావన నార్వేలోని బెర్గెన్‌లో రూపుదిద్దుకుంది. మొదటి ప్రపంచయుద్ధం వల్ల పొరుగు దేశాల నుంచి వాతావరణ సమాచారం ఆగిపోవడంతో, విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ బృందం 1918లో తమ దేశంలోనే పరిశీలన కేంద్రాలను దగ్గర దగ్గరగా ఏర్పాటు చేయించింది. కేంద్రాలు దగ్గరయ్యేసరికి, అంతకుముందు పటాల్లో జారిపోయిన సన్నని సరిహద్దులు కంటపడ్డాయి. ఆయన కుమారుడు యాకొబ్ బ్యెర్క్‌నెస్ 1919లో ప్రచురించిన చిన్న వ్యాసంలో, చక్రవాతం లోపల చల్లగాలినీ వెచ్చగాలినీ విడదీసే రెండు రేఖలను చూపించాడు. వాటికి యుద్ధరంగంలోని ‘ఫ్రంట్’ అనే మాట స్థిరపడింది. తెలుగులో వాతాగ్రం అంటున్నాం. పటం మీద రేఖలా కనిపించేది నిజానికి వాతావరణంలోకి ఏటవాలుగా లేచే ఒక పలుచని పొర. చల్లగాలి బరువైనది కనుక ఆప్పులా, అంటే ఒక వైపు సన్నగా మరో వైపు మందంగా ఉండే చీలలా, కిందికి చేరుతుంది, వెచ్చగాలి దాని మీద వాలి ఉంటుంది.

బరువైన గాలి నేల మీద పరుచుకుపోయి ఆ పొర పూర్తిగా చదునైపోకుండా ఆపేది భూభ్రమణం. ఈ సమతుల్యాన్ని ఆస్ట్రియాకు చెందిన మాక్స్ మార్గ్యూల్స్ 1906లోనే, అంటే బెర్గెన్ వారి కన్నా ముందే, ఒక చిన్న సూత్రంలో పెట్టాడు. రెండు గాలుల వేగాల మధ్య తేడా ఎక్కువైతే వాలు నిటారవుతుంది, ఉష్ణోగ్రతల తేడా ఎక్కువైతే వాలు తగ్గుతుంది. 43 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఇరువైపులా ఉష్ణోగ్రతలో 10 డిగ్రీలు, వాతాగ్రం పొడవునా వీచే గాలివేగంలో సెకనుకు 20 మీటర్లు తేడా ఉంటే, వాలు సుమారు 175కు 1 వస్తుంది. అంటే వాతాగ్రం నుంచి వెనక్కి 175 కిలోమీటర్లు వెళితే చల్లగాలి ఆప్పు ఒక కిలోమీటరు మందం ఉంటుంది. అక్షాంశం తగ్గేకొద్దీ కొరియోలిస్ ప్రభావం (భూభ్రమణం వల్ల గాలి పక్కకు మళ్లడం) తగ్గి, అదే తేడాలకు వాలు ఇంకా చదునవుతుంది. భూమధ్యరేఖ వైపు వెళ్లేకొద్దీ ఇటువంటి వాతాగ్రాలు నిలవలేకపోవడానికి ఇది ఒక కారణం.

ఈ ఆప్పు నుంచే పీడన మార్పును నేరుగా అంచనా కట్టవచ్చు. కిలోమీటరు మందం గల పొరలో వెచ్చగాలి స్థానంలోకి 10 డిగ్రీలు చల్లనైన గాలి వస్తే, ఆ పొర బరువు దాదాపు 4 హెక్టోపాస్కల్‌ల మేర పెరుగుతుంది. వాతాగ్రం గంటకు 50 కిలోమీటర్లు కదులుతోందనుకుంటే, పైన చెప్పిన వాలులో ఆప్పు మందం గంటకు దాదాపు 290 మీటర్లు పెరుగుతుంది, కాబట్టి పీడనం గంటకు 1.2 హెక్టోపాస్కల్‌ల చొప్పున ఎక్కాలి. బారోగ్రాఫ్‌లోని టిక్కు గుర్తు దీనికన్నా నిటారుగా ఉండటం మామూలే. నేల రాపిడి వల్ల శీతల వాతాగ్రపు ముక్కు మొద్దుబారి, అడుగున వాలు 50కి 1 దాకా చేరుతుంది. అప్పుడు ఒక్క గంటలోనే కిలోమీటరు మందం వచ్చిపడి, 4 హెక్టోపాస్కల్‌ల లేపు కనిపిస్తుంది. మార్గ్యూల్స్ సూత్రంలో రాపిడికి చోటు లేదు, అందువల్ల ఆ సూత్రాన్ని నేల దగ్గర అక్షరాలా నమ్మడానికి లేదు.

ఉష్ణ వాతాగ్రం ముందు లెక్క మరో తీరుగా నడుస్తుంది. వాలు 250కి 1, ఉష్ణోగ్రతల తేడా 6 డిగ్రీలు, కదలిక గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే, ఆప్పు పలచబడటం వల్ల తగ్గే పీడనం గంటకు 0.3 హెక్టోపాస్కల్ మాత్రమే. చురుకైన చక్రవాతం ముందు మూడు గంటల్లో 3 హెక్టోపాస్కల్‌లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడిపోవడం సాధారణమే కాబట్టి, ఆ పతనంలో మూడోవంతుకు కూడా వాతాగ్రం జవాబు చెప్పలేదు. మిగిలినది చక్రవాత కేంద్రం దగ్గరకు జరగడం వల్లా, పైన ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల ఎత్తులో గాలి విడిపోతూ స్తంభాన్ని ఖాళీ చేస్తూ ఉండటం వల్లా వస్తుంది. ‘ఉష్ణ వాతాగ్రం పీడనాన్ని తగ్గిస్తుంది’ అన్న పాఠ్యపుస్తక వాక్యం తప్పు కాదు గానీ, పెద్ద వాటాను మరుగున పెడుతుంది.

గీతలో మెలిక ఎందుకు పడుతుందన్నది మరో ప్రశ్న. వాతాగ్రానికి అటూ ఇటూ ఉష్ణోగ్రత, సాంద్రత గబుక్కున మారవచ్చు, పీడనం మాత్రం అలా తెగిపోవడానికి వీల్లేదు. తెగితే ఆ సరిహద్దు దగ్గర అపరిమితమైన బలం పుట్టి గాలిని విసిరికొడుతుంది. కాబట్టి పీడనం అతుక్కునే ఉంటుంది, దాని వాలు మాత్రం మారుతుంది. పటం మీద సమభార రేఖలు (సమాన పీడనం గల చోట్లను కలిపే గీతలు) వాతాగ్రం దాటేచోట ‘వి’ ఆకారంలో వంగి, ఆ కొన ఎప్పుడూ అధిక పీడనం వైపుకే చూపుతుంది. అంటే వాతాగ్రం ఒక ద్రోణిలో, ఇరుపక్కల కన్నా పీడనం తక్కువగా ఉండే పొడవాటి పల్లంలో, కూర్చుంటుంది. వాతాగ్రాల చిత్రాన్ని ఇంత చక్కగా గీసిచ్చిన సిద్ధాంతానికి ప్రకృతి ఎప్పుడూ కట్టుబడదన్నది నిజమే. పీడన ద్రోణి, గాలి దిశ మార్పు ఉష్ణోగ్రత సరిహద్దు కన్నా చాలా ముందే వచ్చిపోయే సందర్భాలు తరచూ ఎదురవుతాయి. ముందున్న ఉరుముల మేఘాల కింద వానకు చల్లబడిన గాలి కుప్పపోసినట్టు చేరితే, అసలు వాతాగ్రం రాకముందే నిమిషాల్లో ఒకటి రెండు హెక్టోపాస్కల్‌లు ఎగబాకుతుంది.

ఇప్పుడు జమాఖర్చు దగ్గరకు వద్దాం. ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ గాలి వేగం సెకనుకు 10 మీటర్లు పెరుగుతూ పోతే గాలి ఆ మేరకు విడిపోతుంది. వాతావరణంలో ఇది వింతేమీ కాదు. నేల నుంచి పైదాకా స్తంభమంతా ఇదే తీరున విడిపోతే ఉపరితల పీడనం గంటకు 36 హెక్టోపాస్కల్‌లు పడిపోవాలి. అలా ఎన్నడూ జరగదు. కింద గాలి చేరుతుంటే పైన విడిపోతుంది, కింద విడిపోతుంటే పైన చేరుతుంది; రెండూ దాదాపు కొట్టివేసుకుని, గంటకు ఒక హెక్టోపాస్కల్ వంటి చిన్న శేషం మిగులుతుంది. ముప్పై ఆరు పోగా మిగిలిన ఆ ఒకటిని గాలి కొలతల నుంచి నేరుగా రాబట్టాలంటే, కొలతలో మూడు శాతం తప్పు కూడా ఉండకూడదు.

ల్యూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఈ గుంటలోనే పడ్డాడు. కంప్యూటర్లు పుట్టకముందే, సమీకరణాలను చేతితో లెక్కకట్టి వాతావరణాన్ని ముందుగా చెప్పాలని అతను పూనుకున్నాడు. 1910 మే 20 ఉదయపు పరిశీలనలు తీసుకుని, జర్మనీలో ఒక చోట ఆరు గంటల్లో పీడనం ఎంత మారాలో లెక్కించాడు. జవాబు 145 హెక్టోపాస్కల్‌ల పెరుగుదల వచ్చింది. ఆ రోజు అక్కడ పీడనం దాదాపు కదలనే లేదు. యుద్ధంలో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ లెక్కించిన ఆ రాతప్రతి మధ్యలో పోయి, కొన్ని నెలల తర్వాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది. 1922లో పుస్తకం వేసినప్పుడు అతను ఈ వైఫల్యాన్ని దాచకుండా అంకెలతో సహా అచ్చువేశాడు. శాస్త్రానికి ఆ నిజాయితీ చేసిన మేలు చిన్నది కాదు.

145 అనే అంకె ఎంత భయపెట్టినా, దాని వెనుకున్న తప్పు ఆశ్చర్యపోయేంత చిన్నది. రిచర్డ్‌సన్ లెక్క కోసం పటాన్ని విడగొట్టిన గళ్ల వెడల్పు సుమారు 200 కిలోమీటర్లు. అంత వెడల్పులో స్తంభం మొత్తానికి సగటు గాలి లెక్క సెకనుకు ఒకటిన్నర మీటరు తప్పితే చాలు, ఆరు గంటలకు ఆ అంకె వచ్చేస్తుంది. గాలికీ పీడనానికీ మధ్య సమతుల్యం కుదరని పరిశీలనలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే, సమీకరణాల్లో గురుత్వ తరంగాలు (కదిలిన గాలిని భూమ్యాకర్షణ తిరిగి లాగడం వల్ల వచ్చే అలలు) పుట్టి పీడనాన్ని పైకీ కిందికీ ఊపుతాయి. అటువంటి ఊపులో ఒక క్షణపు వేగాన్ని పట్టుకుని ఆరు గంటలకు హెచ్చవేయడమే జరిగింది. దశాబ్దాల తర్వాత ఐర్లండ్ శాస్త్రవేత్త పీటర్ లించ్ అదే లెక్కను తిరిగి చేసి, ప్రారంభ విలువల్లోని ఆ ఊపును వడగట్టిన మీదట మార్పు ఒక హెక్టోపాస్కల్ లోపుకు దిగివచ్చిందని చూపించాడు. పద్ధతి సరైనదే, ఎక్కించిన విలువలకే పొందిక లేదు.

1950లో వాతావరణ శాస్త్రవేత్తలు చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, గణితవేత్త ఫాన్ నాయ్‌మన్ ఎనియాక్ కంప్యూటర్ మీద తొలి అంచనాలు నడిపినప్పుడు ఈ గుంటను పూడ్చలేదు, చుట్టూ తిరిగి వెళ్లారు. గురుత్వ తరంగాలకు తావే లేని సరళమైన సమీకరణాన్ని ఎంచుకుని, వాతావరణాన్ని 500 హెక్టోపాస్కల్‌ల దగ్గర ఒకే పొరగా భావించారు. గళ్ల మధ్య దూరం 736 కిలోమీటర్లు. అందులో ఉష్ణోగ్రత తేడాలకు స్థానం లేదు, కాబట్టి వాతాగ్రం ఉండే అవకాశమే లేదు, ఉపరితల పీడనమూ లేదు. ప్రయోగం నెగ్గింది, వాతాగ్రాలు మాత్రం మరికొంత కాలం మోడల్‌కు బయటే ఉండిపోయాయి.

వాతాగ్రం అసలు ఎలా పదునెక్కుతుందన్న ప్రశ్నకు సిద్ధాంతం నుంచే జవాబు రావలసి వచ్చింది. ఒక దిశలో గాలి దగ్గరకు నొక్కుకుంటూ మరో దిశలో సాగిపోతుంటే, ఉష్ణోగ్రత రేఖలు పక్కపక్కకు జరుగుతాయి. పెద్ద ప్రవాహం ఒక్కటే ఈ పని చేస్తే, ఉష్ణోగ్రత వాలు రెండున్నర రెట్లు కావడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. నిజంగా అంత నిదానం కాదు. పదునెక్కే క్రమంలో గాలికీ ఉష్ణోగ్రతకూ పొత్తు చెడుతుంది. ఆ పొత్తును తిరిగి కుదర్చడానికి వెచ్చగాలి లేచి, చల్లగాలి దిగి, వాతాగ్రానికి అడ్డంగా ఒక ప్రసరణ పుడుతుంది. నేల దగ్గర ఆ ప్రసరణే రేఖలను ఇంకా గట్టిగా నొక్కుతుంది. నొక్కుడు పెరిగితే ప్రసరణ బలపడుతుంది, ప్రసరణ బలపడితే నొక్కుడు పెరుగుతుంది. హాస్కిన్స్, బ్రెదర్టన్ 1972లో ఈ చక్రాన్ని గణితంగా విప్పి, రాపిడి లేని ఆదర్శ వాతావరణంలో నేల మీద వాతాగ్రం పరిమిత కాలంలోనే వెడల్పు లేని గీతగా మారిపోతుందని చూపారు. నిజ వాతావరణంలో సుడులు, కల్లోల మిశ్రమం అంతదాకా పోనివ్వవు. కంప్యూటర్‌లో గళ్ల వెడల్పు పోనివ్వదు.

ఆ రెండో అడ్డంకి గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. మోడల్ గళ్లు 10 కిలోమీటర్ల వెడల్పు ఉంటే 10 కిలోమీటర్ల వాతాగ్రం కనిపిస్తుందని అనుకోవడం పొరపాటు. ఏ ఆకారాన్నైనా నమ్మదగ్గ రీతిలో చూపడానికి ఆరు నుంచి ఎనిమిది గళ్లు కావాలి, కాబట్టి 60 నుంచి 80 కిలోమీటర్ల కన్నా సన్ననిది మసకబారుతుంది. కొన్ని శీతల వాతాగ్రాల్లో నేల దగ్గర గాలి మలుపు ఒకటి రెండు కిలోమీటర్లలోనే ముగుస్తుంది. దాన్ని పట్టాలంటే కిలోమీటరు స్థాయి గళ్లు తప్పవు. మోడల్ ఇచ్చే పీడన గీతలో టిక్కు గుర్తుకు బదులు గుండ్రని పళ్లెం అడుగు లాంటి వంపు కనిపించడానికి ఇదే కారణం. లోతు సరిగానే వస్తుంది, మూల మాత్రం అరిగిపోతుంది.

నేటి మోడళ్లలో చాలావాటికి ఉపరితల పీడనం చివర్లో తేల్చుకునే విలువ కాదు, మొదటి నుంచీ మోసుకెళ్లే చరరాశి. 1957లో నార్మన్ ఫిలిప్స్ ప్రతిపాదించిన సిగ్మా నిరూపకాలు ఇందుకు దారి వేశాయి: ప్రతి ఎత్తులోని పీడనాన్ని నేల మీది పీడనంతో భాగించి కొలిస్తే, అడుగు పొర ఎప్పుడూ కొండనూ లోయనూ అంటిపెట్టుకునే ఉంటుంది, స్తంభంలోని జమాఖర్చు ఒకే వాక్యంలో ఇమిడిపోతుంది. వేగపు చిక్కు మాత్రం మిగిలింది. పీడనంలోని పెద్ద తరంగాలు సెకనుకు 300 మీటర్లకు పైగా పరుగెడతాయి. 10 కిలోమీటర్ల గళ్లలో వాటిని సాధారణ పద్ధతిలో వెంటాడాలంటే లెక్కను కాలంలో ముందుకు నడిపే ఒక్కో అడుగు 30 సెకన్లకు మించకూడదు. ఆ వేగవంతమైన భాగాన్ని మాత్రం వేరుచేసి, వచ్చే క్షణపు విలువతో కలిపి సాధించే ఉపాయం వచ్చాకే పొడవైన అడుగులు సాధ్యమయ్యాయి.

చిన్న లీకులు కూడా లెక్కలోకి వస్తాయి. వాన కురిస్తే స్తంభం నుంచి నీరు కిందికి దిగిపోతుంది: 10 మిల్లీమీటర్ల వాన అంటే చదరపు మీటరుకు 10 కిలోలు, అంటే ఒక హెక్టోపాస్కల్. చుట్టుపక్కల గాలి వచ్చి ఆ వెలితిని చాలావరకు భర్తీ చేస్తుంది గానీ, భారీ వాన కురిసే వాతాగ్రంలో ఈ పద్దును వదిలేస్తే కేంద్ర పీడనం కొంత ఎక్కువగా తేలుతుంది. గాలి ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతికి అక్కడి విలువలు తెచ్చే లెక్కింపు పద్ధతులు గాలి మొత్తాన్ని నిక్కచ్చిగా కాపాడవు; అందుకే దీర్ఘకాలం నడిచే మోడళ్లలో మొత్తాన్ని ఎప్పటికప్పుడు సరిచేసే దిద్దుబాటు పెడతారు. ఏ చిట్టాలోనూ చూపించని సర్దుబాటు లాంటిదది, కానీ లేకపోతే పద్దు కుదరదు.

పరిశీలనల వైపు చూస్తే, వాతావరణ కేంద్రాలు పంపే సంకేత సందేశంలో గత మూడు గంటల పీడన మార్పుతో పాటు ఆ మార్పు నడిచిన తీరును చెప్పే ఒక అంకె ఉంటుంది, 0 నుంచి 8 దాకా. 7 అంటే ఎడతెగకుండా తగ్గింది. 5 అంటే తగ్గి మళ్లీ పెరిగింది, అయినా మొదటి విలువను దాటలేదు. 3 అంటే తగ్గి లేదా నిలకడగా ఉండి పెరిగింది, ఇప్పుడు మొదటికన్నా ఎక్కువుంది. పటం మీద 7లు, వాటి వెనుక 5లు, ఇంకా వెనుక 3లు వరుసగా కనిపిస్తే, గీత గీయకుండానే వాతాగ్రం ఎక్కడుందో తెలుస్తుంది. ఉష్ణమండలంలో ఇదే చదువు కాస్త జాగ్రత్తగా చేయాలి. అక్కడ పీడనం రోజూ ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కి, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతంలో దిగుతుంది. రెండు మూడు హెక్టోపాస్కల్‌ల ఆ నిత్య కదలికను తీసేయకుండా చూస్తే రోజూ మధ్యాహ్నం ఒక వాతాగ్రం వస్తున్నట్టు భ్రమ కలుగుతుంది.

పీడనం విలువ కన్నా పీడనంలో మార్పు నమ్మదగినది. నేల దగ్గర సుమారు 8 మీటర్ల ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ తేడా వస్తుంది కాబట్టి, పరికరం ఎత్తు తప్పుగా నమోదైతే విలువ శాశ్వతంగా తప్పుతుంది. రెండు సమయాల విలువలను తీసివేస్తే ఆ తప్పు తనంతట తాను కొట్టుకుపోతుంది. జేబులో ఉండే ఫోన్లలోని పీడన సెన్సర్లను పరిశోధకులు పనికొచ్చే వనరుగా చూడటానికి ఈ సుగుణమే కారణం. ఇక, నేల మీది పీడనంలో పై వాతావరణపు సమాచారం ఎంత దాగి ఉందో తెలియడానికి ఇరవయ్యో శతాబ్దపు పునర్విశ్లేషణ పథకం మంచి ఉదాహరణ. 2011లో వెలువడిన దాని రూపం 1871 నుంచి మొదలవుతుంది. వాతావరణ కొలతల్లో ఉపరితల పీడనాన్ని మాత్రమే తీసుకుని, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలను, మంచును హద్దులుగా పెట్టి, మధ్య ట్రోపోస్ఫియర్ (వాతావరణపు అడుగు పొర) దాకా రోజువారీ పటాలను తిరిగి నిర్మించింది. నిల్వను చూసి జమనూ ఖర్చునూ ఊహించడమే అది, ఆ ఊహకు మోడల్ హద్దులు వేస్తుంది.

మోడల్ నుంచి వచ్చిన పటం మీద వాతాగ్రాన్ని ఎక్కడ గీయాలన్నది ఇప్పటికీ తేలని వివాదమే. అనుభవజ్ఞులైన ఇద్దరికి ఒకే పటమిస్తే రెండు చోట్ల గీస్తారు. ఉష్ణోగ్రత వాలు ఎంత వేగంగా మారుతోందన్న కొలత ఆధారంగా యంత్రం చేత గీయించే పద్ధతులు 1960ల నుంచి ఉన్నాయి, యంత్ర అభ్యసనం వచ్చాక అవి మరింత పెరిగాయి. అయినా మనుషులు గీసిన గీతల మీద శిక్షణ పొందిన యంత్రం ఆ మనుషుల అభిరుచినే నేర్చుకుంటుంది. 1990లో షపిరో, కైజర్ ప్రతిపాదించిన చిత్రంలోనైతే శీతల వాతాగ్రం ఉష్ణ వాతాగ్రం నుంచి విరిగి దానికి అడ్డంగా నిలుస్తుంది, బెర్గెన్ చిత్రంలో లాగా దాన్ని అందుకుని మూసుకుపోదు. సముద్రాల మీది బలమైన చక్రవాతాలు చాలావరకు షపిరో, కైజర్ చిత్రానికే దగ్గరగా ఉంటాయి.

అంచనా సరిగా వచ్చిందా లేదా అని చూసే దగ్గర కూడా మెలిక ఇబ్బంది పెడుతుంది. మోడల్ ద్రోణిని 14 గంటలకు చూపితే, బారోగ్రాఫ్ దాన్ని 15:30కి చూపిందనుకుందాం. వాతాగ్రం గంటకు 50 కిలోమీటర్లు నడుస్తుంటే అది 75 కిలోమీటర్ల తప్పు; పటం మీద చూస్తే గోరంత. కానీ ఆ గంటన్నరలో మోడల్ పీడనం 4 హెక్టోపాస్కల్‌లు ఎగబాకి, అసలు పీడనం ఇంకా దిగుతూనే ఉంటే, ఆ ఒక్క చోట లోపం నాలుగైదు దాకా పోవచ్చు. సగటు వర్గలోపం (తేడాల వర్గాల సగటు) లెక్కలో ఇటువంటి మోడల్, అసలు ద్రోణినే చూపని చదునైన మోడల్ కన్నా తక్కువ మార్కులు తెచ్చుకోవచ్చు. ఒకసారి తప్పు చోట ద్రోణి చూపినందుకు, మరోసారి సరైన చోట చూపనందుకు, దానికి రెండు శిక్షలు పడతాయి. గీతలను కాలంలో అటూ ఇటూ జరిపి ఆకారాన్ని వేరుగా, సమయాన్ని వేరుగా తూచడం ఇంతకన్నా న్యాయం. యూరప్ మధ్యకాలిక వాతావరణ అంచనాల కేంద్రంలో లాగా యాభై అంచనాలను ఒకేసారి నడిపినప్పుడు కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది: ఒక్కో అంచనాలో వాతాగ్రం ఒక్కో గంటకు దాటుతుంది, యాభైటినీ సగటు చేస్తే ఏ ఒక్క అంచనాలోనూ లేని మెత్తని, లోతులేని ద్రోణి వస్తుంది. అందువల్ల వాతాగ్రం దాటే రోజున సగటు గీతను పక్కన పెట్టి, యాభై గీతలనూ ఒకే కాగితం మీద ఒకదానిపై ఒకటి గీసుకుని, మెలికలు ఏ గంట దగ్గర గుంపుగా పడ్డాయో చూస్తారు.